ఖంగుమందా, బావా?

షెడ్డు నుంచి,
సోమవారం, భోజనాలయ్యాక

బావా,

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. అక్కడ మీరిద్దరూ బాగానే ఉండి ఉంటారు, లేకపోతే అక్క ఈపాటికి ఫోన్ చేసి నా బుర్ర తినేసేది. కాబట్టి కుశలప్రశ్నలు అయిపోయినట్టే లెక్క.

అసలు ఈ రోజుల్లో ఉత్తరాలు రాసుకునే బావా బావమరుదులం మనమే అనుకుంటా. పోస్టుమాన్ నన్ను చూసి నవ్వుతున్నాడు. "మీ బావగారు ఏ కాలం మనిషండీ?" అని అడిగాడు. ఏం చెప్పమంటావు? ఏడాది నుంచి నువ్వు ఫోన్ ఎత్తవు. అక్కకి చేసి నీకివ్వమంటే స్నానం చేస్తున్నాడంటుంది. పొద్దున చేసినా స్నానమే, సాయంత్రం చేసినా స్నానమే. ఇంత శుభ్రమైన మనిషివి ఎప్పుడయ్యావు బావా? నీ కాలరు మీద గ్రీజు మరక నా పెళ్ళి ఫోటోలో కూడా ఉంది.

సరే, అసలు విషయానికొస్తాను. మూతపడ్డ బల్లల ఫ్యాక్టరీలో నువ్వు చూసి ఖాయం చేసిన, చెక్కని నున్నగా చిత్రిక పట్టే మిషను నిన్న లారీ దిగింది. దించడానికి ఆరుగురు పట్టారు. ఒంటినిండా కొత్త పచ్చరంగు. వయసు మళ్ళిన మిషనుకి కొత్త రంగు కనిపిస్తే ముందు అనుమానపడాలని నువ్వే నేర్పావు గానీ, చూసింది నువ్వు కాబట్టి నేను నిశ్చింతగా ఉన్నాను. దాన్ని కొనుక్కోబోయే తలుపులాయన అప్పుడే రెండుసార్లు వచ్చి దాని చుట్టూ ప్రదక్షిణం చేసి పోయాడు. రంగు గీకి, తుప్పు వదిలించి, బేరింగులు మార్చి, వానలు మొదలయ్యేలోపు ఆయనకి ఇచ్చేస్తానని మాటిచ్చాను.

అన్నట్టు, పోయిన చలికాలం మనం ఇచ్చిన బ్యాండ్‌సా రంపం మిషను వెన్నలా కోస్తోందని కుర్చీలావిడ చెప్పింది. "మీ బావగారి చెవి మీద నాకు గురి. ఆయన సరే అంటే ఇంక నేను చూసుకోను" అంది. నీ సంచి మోస్తూ వెనక తిరిగిన రోజులు గుర్తొచ్చాయి. పోత ఇనుము మీద సుత్తితో చిన్న దెబ్బ వేసి, తల పక్కకి వంచి వినేవాడివి. ఖంగుమంటే నిక్షేపం. పగిలిన కుండలా పలికితే లోపలెక్కడో బీట ఉన్నట్టు. ఎంత రంగు పూసినా నీ చెవి ముందు దాగేది కాదు.

ఇది ఎలా పలికింది? ఖంగుమందా, బావా?

నీ పొట్టుబాబు

*

ఇంటి నుంచి,
వరండాలో, ఎండ ఎక్కకముందు

ఒరేయ్ పొట్టుబాబూ,

రంపప్పొట్టులో దొర్లి పెరిగినవాడివని ఆ పేరు పెట్టాను, నువ్వు దాన్ని బిరుదులా సంతకంలో వాడుతున్నావు. సంతోషం.

ఫోన్‌లో మాట గాలికి పోతుందిరా. కాగితం మీద మాట నిలబడుతుంది. రేపు నువ్వు "నేనలా అనలేదు బావా" అంటే నీ ముఖాన పెట్టడానికి సాక్ష్యం ఉండాలి కదా. స్నానాల సంగతి మీ అక్కనే అడుగు.

మిషను ఖంగుమంది. బడిగంటలా మోగింది. ఇంక దాని గురించి బెంగపెట్టుకోకుండా పని చూడు. బల్ల మీద తుప్పుకి కిరోసిన్ పట్టించి ఒక పూట వదిలెయ్యి, తర్వాత గరుకు కాగితం. అడ్డదిడ్డంగా రుద్దకు, చెక్క నడిచే వైపే రుద్దు. బెల్టు చూడకుండానే పారెయ్యి. బేరింగులు రెండూ మార్చు. ఒకటి బాగుందని కక్కుర్తిపడి ఉంచకు.

పోయినసారి నీ షెడ్డుకి వచ్చినప్పుడు ఒక సంగతి గమనించి ఊరుకున్నాను. ఏదో చక్రానికి కిరోసిన్ రాసి, తుడిచి, మీద సుద్దపొడి చల్లి కూర్చున్నావు. పగులుంటే అందులో దూరిన కిరోసిన్ పైకి ఊరి సుద్ద మీద గీతలా కనిపిస్తుంది, నాకు తెలియక కాదు. కానీ అది చెవి లేనివాళ్ళు చేసే పని. సుద్దముక్క బడిపంతులికి, సుత్తి మనకి. నా దగ్గర పని నేర్చుకున్నవాడు సుద్ద పట్టుకుంటే నా పేరేం కావాలి?

నువ్వు సన్నబడ్డావని మీ అక్క అంటోంది. ఫోన్‌లో గొంతు వింటే తెలిసిపోయిందట. వేళకి తిను.

బావ

*

షెడ్డు నుంచి,
బుధవారం, మొదటి వాన పడుతుండగా

బావా,

ఎలా రాయాలో తెలియడం లేదు. ఉన్నదున్నట్టు రాసేస్తాను.

రంగు గీకాను. చాలాచోట్ల మామూలుగానే ఇనుము తేలింది. కుడివైపు, కత్తుల షాఫ్టు కూర్చునే చోట మాత్రం పచ్చరంగు కింద ఇంకో పొర కనిపించింది. ఉలితో మీటితే పెచ్చులుగా ఊడింది. లప్పం, బావా. గోడలకి పెట్టేది కాదు, ఇనుముకి పెట్టే గట్టి రకం. నున్నగా రుద్ది, మీద రంగు కొట్టారు. దాన్నంతా తవ్వితే కింద జానెడు పొడవున పగులు. వేలిగోరు దూరుతోంది.

ఆ చోటు విరిగితే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? తిరుగుతున్న కత్తులు షాఫ్టుతో సహా, చెక్క పట్టుకుని నిలబడ్డవాడి చేతుల మీదికొస్తాయి. తలుపులాయనకి ఇద్దరు పిల్లలు.

ఎందుకైనా మంచిదని సుత్తితో కొట్టి చూశాను. పగిలిన కుండే నయం. బల్లకి ఆ చివర నిలబడి కొట్టినా తెలిసిపోతోంది. నా చెవికే తెలిసినప్పుడు నీకు తెలియకపోవడం ఏమిటి? బడిగంట అని రాశావు.

లారీలో వస్తూ పగిలిందేమో అని నన్ను నేను మభ్యపెట్టుకోవాలని చూశాను. దారిలో పగిలినదానికి లప్పం ఎవడు పెడతాడు? నువ్వు చూసినప్పుడు ఏం జరిగిందో రాయి. నీ తప్పు పట్టడానికి కాదు, నాకు నిద్ర పట్టడం లేదు, అందుకు.

నీ పొట్టుబాబు

*

ఇంటి నుంచి

పొట్టుబాబూ,

ఉత్తరం అందింది. తప్పు నాదే. ఆ రోజు ఎండ మండిపోతోంది, బస్సుకి టైమైపోతోంది. అన్నిచోట్లా కొట్టి చూడలేదు. పైపైన చూసి సరే అన్నాను. తలుపులాయనకి ఇంకో మిషను వెతికిపెడతాను.

ఈ సంగతి ఇంతటితో వదిలెయ్యి. ఇంకేమీ అడక్కు. మీ అక్కకి చెప్పకు.

బావ

*

షెడ్డు నుంచి,
శనివారం

బావగారికి నమస్కరించి రాయునది.

ఎండ, బస్సు అని రాశారు. ఇన్నేళ్ళలో బస్సు కోసం మీరు మిషన్ని సగంలో వదిలేసి రావడం నేను చూడలేదు. బస్సే మిమ్మల్ని వదిలేసి పోయిన రోజులు బోలెడన్ని చూశాను. అయినా నమ్ముదామనే అనుకున్నాను. నన్ను మోసం చేసింది ఆ ఫ్యాక్టరీవాళ్ళని, వాళ్ళతో తేల్చుకుందామని మొన్న బయల్దేరి వెళ్ళాను.

మేనేజరు లేడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు. లప్పం సంగతెత్తి నేను కేకలేస్తే అతను నన్ను వింతగా చూశాడు. ఏమన్నాడో అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను.

"నా మీద అరుస్తారేంటి సార్? ఆ పెద్దాయన చాలాసేపే చూశారు. అటూ ఇటూ తిరుగుతూ సుత్తితో కొడుతూనే ఉన్నారు. మేనేజరు గారు ఎదురుగా నిలబడ్డారు, ఈయన ఆయన ముఖంలోకే చూస్తూ కొట్టారు. వెళ్ళేటప్పుడు వెనకాలే వెళ్ళి నేనే చెప్పాను. 'షాఫ్టు దగ్గర పగిలితే లప్పం పెట్టారండీ, చూసుకోండి' అని. నాకెందుకు ఆ పాపం అని చెప్పాను. ఆయన వెనక్కి తిరిగి, నవ్వి, 'అలాగే అలాగే' అని తలూపి వెళ్ళిపోయారు."

నేను ఆ గేటు దగ్గర ఎలా నిలబడ్డానో మీకు తెలియదు. నాకే మట్టిలో కలిసిపోవాలనిపించింది.

పగులుందని చెబితే నవ్వి తలూపిన మనిషిని ఏమంటారో మీరే చెప్పండి. ఎవరైనా మీ చెయ్యి తడిపారా? ఎదురుగా అడగడానికి నాకు నోరు రాదు, అందుకే రాస్తున్నాను. దీనికైనా జవాబిస్తారన్న ఆశ లేదు. మీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

ఇకమీదట నా మిషన్లు నేనే చూసుకుంటాను, సుద్దముక్కతో. అక్కకి చెప్పను. అది మీ కోసం కాదు.

కుర్చీలావిడ నిన్న ఎదురై మిమ్మల్ని అడిగింది. పెద్ద హోటలుకి కుర్చీల ఆర్డరట, పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఆ బ్యాండ్‌సా ముందే నిలబడుతోందట. "మీ బావగారి పుణ్యమే" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇట్లు,
మీ బావమరిది

*

ఇంటి నుంచి,
తలుపు వేసుకుని

ఒరేయ్ నాయనా,

కుర్చీలావిడ మిషను ఆపించమని మీ అక్క ఈ సాయంత్రమే నీకు ఫోన్ చేసింది. ఎందుకో చెప్పొద్దని నేనే అన్నాను. ఆపించి ఉంటే కూర్చుని ఇది చదువు. లేకపోతే ముందు వెళ్ళి ఆపించి రా.

నాకు వినపడదురా.

ఈ ముక్క రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. మొత్తం పోలేదు. మగ గొంతు ఎదురుగా ఉంటే కొంత అందుతుంది. వెనకనుంచి ఏదీ రాదు. సన్నటి చప్పుళ్ళు పూర్తిగా పోయాయి. చెంచా కింద పడితే తెలియదు, ఫోన్ మోగితే తెలియదు. ఇనుము ఖంగుమంటే తెలియదు.

నిరుటి వానల్లో బయటపడింది. వాన తగ్గిందనుకుని గొడుగు లేకుండా వీధిలోకి వెళ్ళి తడిసి ముద్దయ్యాను. రేకుల మీద చినుకులు టపటపలాడుతూనే ఉన్నాయట, నా చెవికి రాలేదు. మీ అక్క తుండుతో నా తల తుడుస్తూ ఏదో అడిగింది. జవాబు చెప్పకుండా నవ్వాను. అప్పుడు మొదలైన నవ్వు ఇది.

మిషను చూడాలని మీ అక్కకి అబద్ధం చెప్పి డాక్టరు దగ్గరికి ఒక్కణ్ణే వెళ్ళాను. ఆయన చెవులకి ఏదో తగిలించి, మోత వినపడగానే చెయ్యెత్తమన్నాడు. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకుని కూర్చున్నాను. కాసేపటికి ఆయన అవి తీసేసి, అయిపోయిందన్నాడు. ఏం పని చేస్తారన్నాడు. చెప్పాను. మిషన్ల మధ్య చెవులకి ఏమైనా పెట్టుకునేవారా అన్నాడు. దూది పెట్టుకునేవాళ్ళని నేనెంత ఎగతాళి చేసేవాణ్ణో నీకు తెలుసు. చెవులు మూసుకుని మిషను పని, ముక్కు మూసుకుని వంట ఒకటేననేవాణ్ణి. తగిన శాస్తి జరిగింది.

అప్పుడే పని మానెయ్యాల్సింది. మానెయ్యలేదు. నేను సుత్తి తీస్తే నలుగురూ మాటలాపి నా ముఖం చూస్తారురా. దానికి అలవాటుపడ్డాను. దెబ్బ వేస్తే అదురు చేతికి తెలుస్తుంది, మోత రాదు. ఎప్పటిలాగే తల పక్కకి వంచాను. ఏమీ వినపడలేదు. సరే అన్నాను. అందరూ తలలూపారు.

తర్వాత ఒక దిక్కుమాలిన ఉపాయం కనిపెట్టాను. మిషన్ని వదిలేసి మనిషిని పరీక్షించడం. పగులున్న సంగతి తెలిసినవాడు నా సుత్తి అటు వెళ్ళగానే గుటక మింగుతాడు, లేకపోతే అవసరం లేకుండా మాట్లాడతాడు. అందుకని సుత్తి ఇనుము మీద, కళ్ళు అమ్మేవాడి ముఖం మీద. చిత్రిక మిషన్ని అలాగే చూశాను. ఆ మేనేజరు ముఖంలో ఏ మార్పూ లేదు. వాడికీ తెలియదన్నమాట. తెలిసినవాడు నా వెనక నిలబడ్డాడు. ఆ వాచ్‌మన్ పెదాలు కదలడం చూశాను. జాగ్రత్తగా వెళ్ళిరమ్మంటున్నాడనుకున్నాను. నవ్వి, అలాగే అన్నాను.

నీ ఉత్తరంలో శంఖం దగ్గరికొచ్చేసరికి కాగితం గబుక్కున మడిచేశాను. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుని, వీడికి తెలిసిపోయిందనుకున్నాను. మళ్ళీ చదివితే అర్థమైంది, నువ్వు రాసింది ఉత్త సామెత. నీకు నేను లంచగొండిలా కనపడ్డాను, అంతే. అప్పుడేమనిపించిందో చెప్పనా? హమ్మయ్య అనిపించింది. దొంగ అనుకుంటే అనుకోనీ, చెవిటివాడనుకోకపోతే చాలు అనిపించింది. ఇంత నీచానికి దిగజారాను.

ఆ హమ్మయ్యతో రెండు రోజులు గడిపాను. కుర్చీలావిడ గురించి నువ్వు రాసింది చదివి కూడా చదవనట్టు దాటేశాను. ఆవిడ బ్యాండ్‌సా పై చక్రాన్ని నేను అదే తీరున చూశాను. సుత్తి చక్రం మీద, కళ్ళు అమ్మినవాడి మీద. పోత ఇనుము చక్రం అది. బీట ఉంటే ఆ వేగానికి ముక్కలైపోతుంది. ఆవిడకీ దానికీ మధ్య రేకు మూత తప్ప ఏమీ లేదు. ఆ రెండు రోజులూ ఆవిడ దాని ముందు నిలబడి పనిచేసింది, నేనిక్కడ నా పరువుని ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చున్నాను. ఇవాళ అన్నం ముందు కూర్చుని, కంచం పక్కకి నెట్టేశాను. లేచి వెళ్ళి మీ అక్క చేతికి ఫోన్ ఇచ్చాను.

కొయ్యబొమ్మలు చేసే పెద్దాయనకి మనం ఇచ్చిన లేత్ మిషను కూడా అదే బాపతు. దాన్నీ చూడు.

మీ అక్కని ఏమీ అనకు. డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రోజే ఆవిడకి తెలిసిపోయింది. నేనే ఒట్టు వేయించుకున్నాను. ఆ స్నానాలన్నీ అందుకే.

బావ

*

షెడ్డు నుంచి,
ఆదివారం, షట్టరు దించి

బావా,

పోయిన ఉత్తరంలో రాసిన ఆ "గారు" కొట్టెయ్యి. చింపి పొయ్యిలో పెట్టినా సరే.

ముందు నీ బెంగ తీరుస్తాను. చక్రం బాగుంది. రెండు చక్రాలూ ఊడదీసి, కిరోసిన్ పట్టించి, తుడిచి, సుద్ద చల్లి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు అంగుళం అంగుళం చూశాను. ఎక్కడా గీత రాలేదు. అయినా మనసొప్పక పై చక్రాన్ని తాడుతో దూలానికి వేలాడగట్టి సుత్తితో కొట్టాను. ఖంగుమంది, బావా. చాలాసేపు మోగింది. ఈ మోత నీకింక వినపడదు కదా అనుకునేసరికి నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. కుర్చీలావిడ చూసి, "బేరింగు అంత పాడైపోయిందా?" అంది. లేత్ కూడా చూశాను. నిక్షేపంగా ఉంది.

ఇప్పుడు నా సంగతి. అక్క ఫోన్ చేసిన సాయంత్రం నేను కదల్లేదు. నువ్వేదో కప్పిపుచ్చుకోవడానికి ఆవిడ చేత చెప్పిస్తున్నావనుకున్నాను. తెల్లారాక చూద్దాంలే అని తినేసి పడుకున్నాను. మర్నాడు వెళ్ళి, బేరింగు మార్చాలని చెప్పి ఆపించాను. ఆర్డరు నెత్తిమీదుంటే ఇప్పుడా అని ఆవిడ చిందులు తొక్కింది. నువ్వు రెండు రోజులన్నావు. ఆ సాయంత్రం మాత్రం నాది.

ఇంకోటుంది. ఇది రాయకుండా తప్పించుకుందామని చూశాను. నీకు ఆ ఉత్తరం రాసిన రోజే కర్రల అడితీ దగ్గర, టీ తాగుతూ, నలుగురిలో అన్నాను, మా బావ చెయ్యి తడిపించుకుని పగిలిన మిషను నాకు అంటగట్టాడని. ఒకడు, "ఆయనా? ఛ, ఆయన అలాంటివాడు కాదు" అన్నాడు. పరాయివాడు నిన్ను వెనకేసుకొస్తుంటే నేను వాదించి మరీ ఒప్పించాను. నీ ఇంట్లో తిని, నీ వెనక తిరిగి పని నేర్చుకున్నవాణ్ణి. నువ్వు చెవి దాచుకున్నావు, నేను నోరు పారేసుకున్నాను. శంఖం మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒంటిమీద తేళ్ళు పాకినట్టుంది.

ఎన్ని ఆనవాళ్ళున్నాయో ఇప్పుడు తెలుస్తోంది. పోయినసారి వచ్చినప్పుడు నడుస్తున్న మిషను పక్కన కుర్చీ వేసుకుని హాయిగా కునుకు తీశావు. పెద్దవాడివయ్యావు, అలిసిపోయావనుకున్నాను.

నా మాట విను. ఎవరికీ ఏమీ కాలేదు. కుర్చీలావిడకి బేరింగు అనే తెలుసు, అది అలాగే ఉండనీ. అడితీ దగ్గర నేను పొరబడ్డానని చెప్పేస్తాను. నువ్వూ నేనూ అక్కా నోరు మెదపకపోతే నీ పేరు నీకుంటుంది. ఇకనుంచి నువ్వు ఎక్కడికి వెళ్ళినా సంచి పట్టుకుని నేనూ వస్తాను. నువ్వు కొట్టు, నేను వింటాను. పగులుంటే గొంతు సవరించుకుంటాను. అయ్యో, అది నీకు వినపడదు కదా. భుజం తడతాను. ఎవరికీ అనుమానం రాదు.

ఆ చిత్రిక మిషను అమ్మడం లేదు. పనికొచ్చే భాగాలు తీసి, బల్లని గోడకి ఆనించి పెట్టాను. తలుపులాయనకి చెప్పుకున్నాను. తిట్టాడు, టీ తాగి వెళ్ళాడు.

నీ పొట్టుబాబు

*

మీ ఊరి బస్టాండు నుంచి,
సిమెంటు బల్ల మీద

ఒరేయ్ పొట్టుబాబూ,

మీ ఊరొచ్చి నీ గుమ్మం తొక్కకుండా వెళ్ళిపోతున్నాను. కోపం తెచ్చుకోకు. ఇవాళ ఒక ముఖానికి ముఖం చూపించడమే గగనమైంది, రెండోదానికి శక్తి లేదు. మీ అక్క కూడా వచ్చింది. పక్కన కూర్చుని, రాసింది రాసినట్టు చదివేస్తోంది, మధ్యమధ్యలో నా చెవిలో అరుస్తోంది.

నీ ఉపాయం బాగుంది. దాన్ని నమ్ముకుని ఒక పూటంతా హాయిగా ఉన్నాను కూడా. నువ్వు భుజం తడితే తల ఎటు వంచాలో అద్దం ముందు నిలబడి చూసుకున్నాను. అప్పుడు అద్దంలో మీ అక్క కనిపించింది. ఏమీ అనలేదు. అన్నా వినపడేది కాదు. తువ్వాలు తీసి నా చేతిలో పెట్టి, స్నానాలగది వైపు చూపించి వెళ్ళిపోయింది. అంత సిగ్గు నాకు పుట్టి బుద్ధెరిగి కలగలేదు.

చక్రం బాగుందని ఇప్పుడు నువ్వు చెప్పావు. నేను సరే అన్ననాడు అది నాకు తెలియదు కదరా. ఇన్ని నెలలూ ఆవిడ నమ్ముకుని నిలబడింది ఇనుముని కాదు, నా మాటని. దాంట్లో పగులుంది.

అందుకని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. పైనుంచి సగం చేసిన కుర్చీలు వేలాడుతున్నాయి, కింద కాళ్ళు కట్టలు కట్టి ఉన్నాయి. పనివాళ్ళు ఐదారుగురున్నారు. ఆవిడ బ్యాండ్‌సా ముందు ఉంది. నన్ను చూసి నవ్వి, మిషను ఆపి, కుర్చీ వెయ్యమని ఎవరికో సైగ చేసింది. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. నా గొంతు ఎంత గట్టిగా వస్తోందో ఈమధ్య నాకు తెలియడం లేదు, వీధిలోకి కూడా వినపడిందని మీ అక్క అంటోంది.

"అమ్మా, ఈ మిషన్ని చూసిన రోజు నాకు వినపడలేదు. వినపడినట్టు నటించి సరే అన్నాను. మా వాడు ఊడదీసింది బేరింగు కోసం కాదు, చక్రం పగిలిందేమో చూడటానికి. పగల్లేదు. పగిలి ఉన్నా నేను సరే అనేవాణ్ణి."

ఆవిడ చెవి వెనకున్న పెన్సిలు తీసి చేత్తో పట్టుకుంది. తర్వాత మొదలుపెట్టింది. ముఖం కందిపోయింది, పెన్సిలు నా ముఖం ముందు ఆడుతోంది, పెదాలు ఆగడం లేదు. పనివాళ్ళు తలలు దించుకున్నారు. ఆడగొంతు నాకు అసలే అందదు. ఒక్క ముక్క రాలేదు.

ఇలాంటప్పుడు నేనేం చేస్తానో నీకు తెలుసు. నవ్వి తలూపుతాను. ఏడాది అలవాటు, మూతి దానంతటదే నవ్వడానికి సిద్ధమైంది. మెడ బిగబట్టి ఆపుకున్నాను.

"వినపడలేదమ్మా. ఇంకోసారి అనండి, గట్టిగా" అన్నాను.

ఒక కుర్రాడు కిసుక్కుమన్నట్టున్నాడు, పక్కవాడు మోచేత్తో పొడిచాడు. ఆవిడ దగ్గరికొచ్చింది. నా కుడిచెవి పక్కన నోరు పెట్టి, ఒక్కొక్క మాటా విడివిడిగా అంది.

"నా చేతులు పోతే ఈ కుర్చీలు మీరొచ్చి చేస్తారా? మీ పరువు పాటి చెయ్యవా నా వేళ్ళు?"

అది వినపడింది. సంచిలోంచి కిరోసిన్ సీసా, సుద్దముక్క తీశాను. నువ్వు చూశావని తెలుసు, అయినా ఆవిడ కళ్ళముందు నేను చూడాలనిపించింది. మూత విప్పి, చక్రానికి కిరోసిన్ పట్టించి, తుడిచి, సుద్ద రాశాను. చెవి లేనివాళ్ళు చేసే పని అన్నాను కదా, చేత కావడానికి కొంచెం టైం పట్టింది. ఆవిడ కూడా వంగి నాతోపాటు చూసింది. సుద్ద తెల్లగానే ఉంది. "మూత సరిగ్గా బిగించండి" అని సైగ చేసి, లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ రమ్మనలేదు. వద్దని కూడా అనలేదు.

అడితీ దగ్గర నువ్వు పొరబడ్డానని చెప్పకు. దొంగ కాదు, చెవిటివాడని చెప్పు. వచ్చేవారం చెవి మిషను పెట్టించుకోవడానికి మీ అక్క తీసుకెళ్తోంది. పాత మిషన్లు బాగుచేసుకుంటూ బతికాం, ఇప్పుడు నాకే ఒకటి తగిలిస్తారట.

ఒక్క పని చేసిపెట్టాలి. ఆవిడ మొదటిసారి చాలాసేపు అంది. రెండోసారి రెండే ముక్కలు. వినపడదన్నాక పాపం అనుకుని మిగతాది మింగేసింది. పక్కన నిలబడి విన్న మీ అక్కనడిగితే, "అదే మళ్ళీ అందండీ" అంటోంది. మీ అక్కకి అబద్ధం చెప్పడం నేనే నేర్పాను, ఏడాది పాటు రోజుకి రెండు పూటలా. కాబట్టి నువ్వు రేపు వెళ్ళి ఆవిడనే అడుగు. ఒక్క మాట కూడా తగ్గించకుండా, మెత్తబరచకుండా, రాసి పంపు.

బస్సొచ్చిందని మీ అక్క భుజం తడుతోంది.

ఆ తిట్లు నావి. నాకు చేరాలి.

మీ చెవిటి బావ